కందిరీగ కూర్చోలేదు

ఆ లాయరమ్మకి కందిరీగ అని పేరు పెట్టింది ఆమె సీనియరే. నల్లకోటు తొడుక్కున్న కొత్తలో ఒక దొంగ సాక్షిని ప్రశ్నలతో కుట్టి కుట్టి నిజం కక్కించింది. ఆయన మురిసిపోయి, "మా ఆఫీసు కందిరీగ" అని కోర్టంతా చెప్పుకు తిరిగాడు. పని నేర్పింది ఆయనే, మొదటి కేసు చేతిలో పెట్టిందీ ఆయనే. ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. సీనియర్ గదిలోకి వస్తే జూనియర్లు లేచి నిలబడాలి, ఆయన కూర్చోమనేదాకా కూర్చోకూడదు. వేరే ఆఫీసు పెట్టుకున్నా ఆమెకి ఆ అలవాటు పోలేదు.

అలాంటి మనిషి మీదే ఆమె కేసు పట్టింది.

ఫిర్యాదు చేసింది కోర్టు ఎదురుగా ఇస్త్రీ బడ్డీ నడిపే ఆవిడ. బడ్డీ ఉన్న గది ఖాళీ చెయ్యమని దాని యజమాని కోర్టుకెక్కితే, ఆవిడ పోయి పోయి సీనియర్ లాయరునే నమ్ముకుంది. విచారణ రోజున ఆయన, "నువ్వు బయట కూర్చో, నేను చూసుకుంటా" అన్నాడు. చూసుకున్నాడు మరి! లోపలికెళ్లి జడ్జిగారితో, "మా పార్టీ ఖాళీ చెయ్యడానికి ఒప్పుకుంది" అనేశాడు. గది యజమాని ఆయనకి పాత క్లయింటని ఆవిడకి తర్వాత తెలిసింది. అప్పటికే ఇస్త్రీ బల్ల వీధిలో పడింది.

లాయరు మీద వకాల్తా పుచ్చుకునే లాయరు ఆ ఊళ్లో లేడు. ఒక్క కందిరీగ తప్ప. ఇక చూడాలి, లాయర్ల గదిలో ఆ సంబడం! నిన్నటిదాకా అక్కా అక్కా అన్నవాళ్లు ముఖం చాటేశారు. గురువుకే ఎసరు పెడుతోందని గుసగుసలు. ఇంట్లో భర్త మాత్రం, "బయట పోట్లాట లేకపోతే నాతో పెట్టుకుంటావు. నా మేలు కోరైనా ఈ కేసు వదలకు" అన్నాడు.

లాయర్ల తప్పులు విచారించే క్రమశిక్షణ కమిటీలో ఉండేదీ లాయర్లే. పొడవాటి బల్ల వెనక ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. సీనియర్ తలుపు తోసుకుని వచ్చాడు. కందిరీగ చటుక్కున లేచి నిలబడింది. ఆలోచించి కాదు, కాళ్లు వాటంతటవే లేచాయి.

"కూర్చోమ్మా కందిరీగా" అన్నాడాయన నవ్వుతూ. ఆమె కూర్చుంది. బల్ల వెనక ముగ్గురూ ముసిముసిగా నవ్వుకున్నారు.

పక్కనున్న ఇస్త్రీ ఆవిడ నవ్వలేదు. "మీరూ ఆయన మనిషేనన్నమాట. నేను వెళ్తానమ్మా" అని సంచి చేతిలోకి తీసుకుంది.

కందిరీగకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. తన మీద తనకే ఒళ్లు మండింది. ఆవిడ గడప దాటిందా, ఫిర్యాదు అక్కడితో సరి. బడ్డీ మళ్లీ దక్కదు, రేపు ఆయన ఇంకొకరి కొంప కూడా ఇలాగే తీస్తాడు. ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఒక్క ప్రశ్న అడగనివ్వండి. ఆ తర్వాత మీ ఇష్టం" అంది.

ఈలోగా కమిటీ అధ్యక్షుడు అందుకున్నాడు. "ఎందుకమ్మా ఈ రచ్చ? మనలో మనం. ఆయన ఓ మాట సారీ చెప్తారు, ఇంతటితో వదిలెయ్యండి."

కందిరీగ మళ్లీ లేచింది. సీనియర్ వైపు తిరిగింది. "ఇందాక మీకోసం లేచాను సార్. ఇప్పుడు ఈవిడకోసం లేచాను. బడ్డీ ఖాళీ చేస్తానని ఈవిడ మీతో చెప్పిందా?"

"అప్పటి పరిస్థితుల్లో అదే మంచిదని..."

"చెప్పిందా సార్?"

"ముందు కూర్చో, అన్నీ చెప్తాను."

"కూర్చోను. మీరు కూర్చోమంటే కూర్చునే రోజులు అయిపోయాయి. చెప్పిందా, లేదా?"

ఆయన అధ్యక్షుడి వంక చూశాడు. అధ్యక్షుడు కిటికీ వంక చూశాడు. ఆమె మాత్రం అక్కణ్ణుంచి కదల్లేదు.

"చెప్పలేదు" అన్నాడాయన చివరికి. "నేను అడగలేదు."

నోటితో ఒప్పుకున్నాక కమిటీ మాత్రం ఏం వెనకేసుకొస్తుంది? ఏడాదిపాటు ఆయన ఏ కోర్టులోనూ వాదించకూడదని తేల్చింది. ఆ ఒప్పుకోలు చాలు, బడ్డీ కేసు మళ్లీ తెరిపించడానికి. సీనియర్ ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లిపోయాడు. కందిరీగ ఇంకా నిలబడే ఉంది.

ఇస్త్రీ ఆవిడ సంచి కింద పెట్టింది. కుర్చీ దగ్గరికి జరిపింది.

"ఇంక కూర్చోండి లాయరమ్మా" అంది.