సెలవుల రిజిస్టరులో పండగ

1968 ఫిబ్రవరిలో, శృంగవరపుకోట దాటాక కొండెక్కే ఘాట్ రోడ్డు పక్కనున్న ఒక వేసవి విడిది శిబిరంలో నేను ఉద్యోగంలో చేరాను. ఉత్తర్వులో నా హోదా ‘రిక్రియేషన్ అసిస్టెంట్’. శిబిరంలో మాత్రం అందరూ ఆటల టీచరమ్మ అనేవారు. రాజీనామా చేసి ఏడాది కావస్తున్నా, ఆ మూడు వేసవుల ఉద్యోగం గురించి అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. కొండ మీదికి సరదాకి వచ్చినవాళ్లను సరదాగా ఉంచడానికి జీతమిచ్చి మనిషిని పెట్టుకోవడమేమిటని వాళ్ల అనుమానం. ఒక్క రోజు సంగతి చెబితే ఆ అనుమానం తీరుతుందనుకుంటాను. పాప పడుకున్నాక రాస్తున్నాను. మధ్యలో లేచి దాని నుదుటి మీద చెయ్యి వేసి చూసి వస్తుంటాను కనుక ఎక్కడైనా అతుకులు కనబడితే కారణం అదే.

శిబిరంలో పద్నాలుగు గదులు, మైదానంలో పది గుడారాలు. అందరికీ పైన క్యాంపు ఆఫీసరు, ఆయన కింద స్టోర్ కీపరు, ఆ తర్వాత నేను. నా కింద ఇద్దరు దినకూలీలు. ఒకరు బుద్రి. పక్కనున్న కొండ ఊరి మనిషి, నలభై దాటిన వయసు. గదులు ఊడ్చి నీళ్లు పట్టేది. ఆ పని అయ్యాక, నేను సందర్శకులతో బయటికి వెళ్లినప్పుడు, ఏడాది కూడా నిండని నా పాపను చూసేది. రెండోవాడు బుద్రి తమ్ముడు. కొండ నడకలకు దారి చూపేవాడు.

ఆటలూ పాటలూ నా పనిలో చిన్న భాగం. అసలు పని నడకలు. సందర్శకులను జలపాతానికీ, కాఫీ తోటకూ, సూర్యాస్తమయం చూసే గట్టుకూ తీసుకువెళ్లి, వెళ్లినంత మందినీ వెనక్కి తేవడం. ప్రతి నడకకూ రెండు కాగితాలుండేవి. ఒకటి మనుషుల జాబితా, రెండోది దారి పటం. వరసలో మొదట నడిచేవాణ్ణి ముందుమనిషి అనీ, చివర నడిచేవారిని తోకమనిషి అనీ అనేవాళ్లం. ముందుమనిషి బుద్రి తమ్ముడు, తోకమనిషిని నేను. ఎవరూ నా వెనక మిగలకూడదు, నేను ఎవరినీ దాటిపోకూడదు. బయలుదేరేటప్పుడు, జలపాతం దగ్గర దిగాక, అక్కడి నుంచి లేచేటప్పుడు, గేటులోకి వచ్చాక, నాలుగుసార్లు తలలు లెక్కపెట్టాలి. ఒక ఈల వేస్తే కదలడం, మూడు ఈలలు వేస్తే ఎక్కడివాళ్లక్కడ ఆగడం.

ఇవన్నీ నేను చేరకముందే ఉన్న పద్ధతులు. నేను కొత్తగా తెచ్చింది ఒక్కటే, గుండ్రటి దారి. జలపాతానికి అంతవరకూ ఒకే దారిన వెళ్లి అదే దారిన వచ్చేవారు. చూసిన చెట్లనే మళ్లీ చూస్తూ నడిస్తే పెద్దవాళ్లకు కాళ్లనొప్పులు గుర్తొస్తాయి, పిల్లలు సతాయిస్తారు. అందుకని గట్టు మీదుగా వెళ్లి, అడవి వైపు నుంచి దిగి, బుద్రి వాళ్ల ఊరి మధ్యగా వచ్చేలా దారి మార్చాను. ముందుగా నేనే నడిచి చూశాను. ఊళ్లో వాళ్లు చేతులూపారు, మంచినీళ్లిచ్చారు. పటం గీసి ఆఫీసరుగారికి చూపిస్తే సంతకం చేశారు.

ఆ సంతకం పెడుతూనే ఆయన ఇంకో మాట చెప్పారు. నా పోస్టు మే నెలాఖరు వరకే. ఆ పోస్టులో ఆడమనిషిని, అందులోనూ చంటిపిల్ల తల్లిని వేయడం అదే మొదటిసారి కనుక పైవాళ్లకు నమ్మకం చాలలేదు. ఏప్రిల్‌లో ఆమదాలవలస వైపు నుంచి ఒక ఉపాధ్యాయ బృందం వస్తోంది. వాళ్ల హెడ్మాస్టరుగారి అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకుని నా పొడిగింపు ఫైలుకు జత చేయాలట. పోస్టు నిలిస్తే క్వార్టరు నిలుస్తుంది, పాప నా దగ్గర ఉంటుంది, నేను చదివిన చదువుకు ఒక పని ఉంటుంది. లేకపోతే కొత్తవలసలో మా వారి రైల్వే క్వార్టరుకు తిరిగి వెళ్లి, ‘అప్పుడే చెప్పాం’ అనే మాట వింటూ కూర్చోవాలి.

బృందం రావడానికి ముందురోజు బుద్రి సెలవడిగింది.

“రేపట్నించి నాలుగు రోజులు రానమ్మా. పండగొచ్చీసింది. మా తమ్ముడూ రాడు. మగోళ్లందరూ అడివికి యేటకెల్తన్నారు.”

నేను వెంటనే అడిగింది ఒక్కటే. పాపను ఎవరు చూస్తారు?

“వంట మేస్త్రి పెళ్లాం కాడ ఉంచు. ఏటీ అవదు. నీకు అన్నిటికీ బెంగేనమ్మా” అని నవ్వేసింది.

దినకూలీల సెలవుల రిజిస్టరు రాయడం నా విధి. ఇద్దరి పేర్లకూ ఎదురుగా ‘సెలవు, నాలుగు రోజులు, పండగ’ అని నా చేత్తోనే రాసి మూసేశాను. చైత్రమాసంలో కొండ ఊళ్ల ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా కర్ర పెట్టి, బస్సులు ఆపి, పాడి, చిల్లర పుచ్చుకుంటారని నాకు తెలుసు. ఆ వారంలోనే కింది నుంచి వస్తుంటే నేనెక్కిన బస్సు కూడా అలా ఆగింది. పండగంటే అంతేననుకున్నాను.

మర్నాడు మొత్తం ఇరవై ఆరుమంది. ఆమదాలవలసలో రైలెక్కి, కొత్తవలసలో దిగి, క్యాంపు బస్సులో వచ్చారు. హెడ్మాస్టరుగారు ఇస్త్రీ పంచె, తెల్ల లాల్చీ, చేతిలో గొడుగు. ఆయన భార్య పొట్టిగా, బొద్దుగా, ఎప్పుడూ ఏదో నమిలే మనిషి. ముందుమనిషి సెలవులో ఉన్నాడని చెప్పగానే హెడ్మాస్టరుగారు, “దానికేముంది, నేను ముందుంటాను. ముప్పై ఏళ్లుగా పిల్లల్ని వరసలో నడిపిస్తున్నాను” అన్నారు. దారి పటం ఆయన చేతికిచ్చాను. పద్ధతి ప్రకారం అలా ఇవ్వకూడదు. కానీ ఆయన అభిప్రాయమే నా ఫైలుకు ఎక్కేది.

ఆ మధ్యాహ్నమే నడకకు బయలుదేరాం. వెళ్లడం చక్కగా సాగింది. జలపాతం దగ్గర లెక్క సరిపోయింది, లేచేటప్పుడూ సరిపోయింది. అడవి వైపు నుంచి దిగుతూ ఊరు కనబడే మలుపు తిరిగారు. నేను చివర ఉన్నాను. ముందు ఒక్కసారిగా పాట, దాని మీద కేక, కేక మీద నవ్వులు. మూడు ఈలలు వేశాను. తోకమనిషి చోటు వదలకూడదన్న నియమం మొదటిసారి తప్పి ముందుకు పరుగెత్తాను.

ఊరి మొదట్లో వెదురు అడ్డం కట్టి ఉంది. అవతల పది పన్నెండు మంది ఆడవాళ్లు, కాళ్ల దగ్గర కుండలు. ఇవతల హెడ్మాస్టరుగారు. కళ్లజోడు నుంచి పంచె అంచు దాకా పేడనీళ్లు కారుతున్నాయి.

“ఏటి తెచ్చినావు బాబూ?” అని ఒకావిడ అడుగుతోంది. “అడివిలోంచి వొట్టి సేతులూపుకుంటా ఊళ్లోకొచ్చీడానికి సిగ్గు నేదేటి?”

“నేనెవరో తెలుసా? హెడ్మాస్టర్ని!”

“హెడ్మాస్టరైతే ఏటి? ఒక్క కుందేలైనా కొట్టనేదు గదా!”

మళ్లీ నవ్వులు. కుండ పట్టుకుని నిలబడింది బుద్రి. నన్ను చూసి ఆశ్చర్యపోయింది.

“నువ్వేటమ్మా ఈ దారిన తెచ్చినావు నీ మందిని? పండగని సెప్పినాను గదా!”

పది మాటల్లో ఆమే అసలు సంగతి చెప్పింది. ఆ రోజుల్లో మగవాళ్లంతా వేటకు పోతారు. జంతువును తెస్తే కాళ్లు కడిగి పాటతో లోపలికి తీసుకెళ్తారు. అడవి వైపు నుంచి ఖాళీ చేతులతో వచ్చిన మగవాడికి మాత్రం పేడనీళ్లే. తమ్ముడైనా, మొగుడైనా, ఊరి పెద్దయినా తేడా లేదు. రోడ్డు వైపు నుంచి వచ్చినవాడికి ఈ లెక్క వర్తించదు. మామూలు దారిన వెళ్లి మామూలు దారిన వచ్చి ఉంటే మాకు రోడ్డు మీది కర్ర దగ్గర చిల్లరతో సరిపోయేది. నేను ఎంతో గర్వపడిన గుండ్రటి దారి మా మగవాళ్లందరినీ వేట తప్పినవాళ్లను చేసి ఆ కుండల ముందుకు తెచ్చింది.

అప్పుడు హెడ్మాస్టరుగారి భార్య వరసలోంచి ముందుకొచ్చింది.

“ఇలా తేవే ఆ కుండ” అంది బుద్రితో. “సంతకెళ్తే సంచీ మరిసిపోయి వొట్టి సేతుల్తో వస్తారు. పెళ్లికెళ్తే గొడుగు మరిసిపోయి వస్తారు. ఇన్నేళ్లకి అడిగేవోళ్లు దొరికినారు మీకు!” వేళ్లు ముంచి ఆయన భుజం మీద నాలుగు చుక్కలు చల్లింది.

ఊరి ఆడవాళ్లు ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని తమ వైపు లాక్కున్నారు. మిగతా మగవాళ్లను ఏం చెయ్యాలని నేను బుద్రిని అడిగాను.

“ఎనక్కెల్లి మళ్లీ రమ్మను. సేతిలో ఏటైనా ఎట్టుకుని రమ్మను” అంది.

అలాగే చేయించాను. ఒకాయన ఈక తెచ్చాడు, ఒకాయన పుట్టగొడుగు తెచ్చాడు. లెక్కల మేస్టారు ఎండుకొమ్మ భుజాన వేసుకుని వచ్చి అడవిపంది అన్నాడు. ఆడవాళ్లు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బక్కదే గానీ పరవాలేదని ఒప్పుకున్నారు. అందరినీ పాటతో లోపలికి పంపారు. హెడ్మాస్టరుగారు మాత్రం నవ్వలేదు. వెనక్కి వెళ్లి ఏదైనా పట్టుకు రమ్మంటే వెళ్లలేదు. తడి పంచెతోనే గేటు దాకా నడిచారు. గేటులో నాలుగో లెక్క పెట్టాను. ఇరవై ఆరు. వంట మేస్త్రి భార్య చంకలో పాప కూడా క్షేమం.

మర్నాడు ఆఫీసరుగారు పిలిచారు. హెడ్మాస్టరుగారు సందర్శకుల పుస్తకంలో ముప్పావు పేజీ ఫిర్యాదు రాశారు. ఇరవై నాలుగు గంటల్లో నేను సంజాయిషీ ఇవ్వాలి. ఆఫీసరుగారు చెడ్డమనిషి కాదు. తలుపు దగ్గరగా వేసి, ‘గ్రామస్తుల అనుచిత ప్రవర్తన’ అని రాయమని సలహా ఇచ్చారు. అలా రాస్తే ఊరి దగ్గర కాపలా పెట్టించి, ఆ ఇద్దరు కూలీలను మార్చేసి, నా ఫైలు నిక్షేపంగా పైకి పంపవచ్చు.

సలహా నాకు పనికొచ్చేదే. బుద్రి పోతే పాపను ఎవరు చూస్తారన్న భయం నాకు లేకపోలేదు, దాన్ని దాచను. కానీ నా చేతిని ఆపింది అది కాదు. సంజాయిషీకి జత చేయడానికి ఆ రోజు కాగితాలన్నీ తీస్తుంటే సెలవుల రిజిస్టరు కూడా బయటికొచ్చింది. ఒకే పేజీలో, ఒకే ఊరివాళ్లకు, ఒకే కారణంతో రెండు సెలవులు. అక్షరాలు నావే. ఆ ఊరు నాకు ముందుగానే కబురు పంపింది. పాప గురించి అడిగిన దాన్ని, ఆ పండగలో ఏం చేస్తారని ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. ముందుమనిషి సెలవులో ఉన్నాడంటే దారికి మరో మనిషిని చూడాలని మాత్రమే ఆలోచించాను. అతను ఎందుకు సెలవులో ఉన్నాడో ఆలోచించలేదు.

సంజాయిషీ మూడు వాక్యాల్లో రాశాను. పండగ సంగతి నాకు ముందురోజే తెలియజేశారని, వివరం కనుక్కోకుండా అడవి వైపు దారి ఎంచుకోవడం నా పొరపాటని, గ్రామస్తులు తమ ఊళ్లో తమ ఆచారం ప్రకారమే నడుచుకున్నారని. రిజిస్టరు పేజీకి నకలు తీసి జత చేశాను.

ఆఫీసరుగారు చదివి, “మీ పీక మీరే కోసుకుంటున్నారమ్మా” అన్నారు. అయినా పైకి పంపారు.

మే మూడో వారంలో రెండు కాగితాలు ఒకేసారి వచ్చాయి. ఒకటి హెచ్చరిక మెమో. రెండోది మరో ఏడాది పొడిగింపు. రెండోదానికి కారణం రాయలేదు. సంజాయిషీ పని చేసిందో, సందర్శకుల పుస్తకంలో హెడ్మాస్టరుగారి ముప్పావు పేజీ కింద మిగిలిన చోట ఆయన భార్య రాసిన రెండు ముక్కలు పని చేశాయో చెప్పలేను. ఆవిడ ఇలా రాసింది: ‘మళ్లీ వస్తాం. ఈసారి ఈయన చేతికి ఏదో ఒకటి ఇచ్చి తీసుకొస్తాను.’

గుండ్రటి దారిని నేను ఎత్తివేయలేదు. అది మంచి దారి, ఇప్పటికీ ఆ మాటే అంటాను. కార్యక్రమ పట్టికలో మాత్రం ఒక గడి పెంచాను. తేదీ, బయలుదేరే వేళ, దారి, మనుషుల సంఖ్య, వీటి తర్వాత ‘ఊరివాళ్లకు ఆ రోజు ఏమిటి’ అన్నది. దాన్ని నింపకుండా పట్టిక మీద సంతకం పెట్టేదాన్ని కాదు. ఆ గడి నింపేది బుద్రి. ఆమె చెప్పేది, నేను రాసేదాన్ని. మరుసటి చైత్రంలో సందర్శకులను పండగ చూడటానికే రోడ్డు వైపు నుంచి తీసుకెళ్లాం. ఆ వేసవి మొత్తంలో వాళ్లు ఎక్కువగా ముచ్చటపడ్డ కార్యక్రమం అదే.

కొండ మీద విహారం ఏర్పాటు చేసేవాళ్లు దారినీ, దూరాన్నీ, మనుషులనూ లెక్కవేస్తారు. ఆ దారి ఎవరి వాకిట్లోంచి పోతుందో వాళ్ల రోజును కూడా లెక్కలో వేయకపోతే ఆ పటం పూర్తి కానట్టే. ఆ వివరం కోసం ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. తరచూ అది మన బల్ల మీదే ఉంటుంది. మా వారికి బదిలీ కావడంతో ఉద్యోగం వదిలేసి, కొత్తగా వచ్చినాయనకు చార్జి అప్పగించిన రోజున ఆయన ముందుగా దారి పటం అడిగారు. నేను సెలవుల రిజిస్టరు ఇచ్చాను.