మా అమ్మను వంటింట్లో కూర్చోబెట్టిన రోజు

మా అమ్మ స్కాట్లాండ్ మనిషి. నర్సు ఉద్యోగానికి సింగపూర్ వచ్చి, ఓడల యార్డులో పనిచేసే కాకినాడ మనిషిని పెళ్ళాడి, ఎనభై ఎనిమిదో ఏట ఇక్కడే, బూన్ లే ఫ్లాటులో కన్నుమూసింది. బతికినన్నాళ్ళూ నవ్వుతూ బతికింది. కూతుర్ని కాబట్టి గొప్పలు పోతున్నాననుకోకండి. ఐదో అంతస్తులో ఆమె నవ్వితే కింద బస్టాపులో వినిపించేదని మా బ్లాకంతా సాక్ష్యం చెబుతుంది.

తెలుగు మా నాన్న దగ్గర నేర్చుకుంది. నాన్నది కాకినాడ తెలుగు కాబట్టి ఆమెకూ అదే వచ్చింది. ఓట్స్ జావలో మాగాయ నంజుకు తినేది. వాన మొదలవగానే అందరూ లోపలికి పరిగెడితే ఈమె గొడుగు లేకుండా బయటికి వెళ్ళేది. "మా ఊళ్ళో వానకి ఆగితే పెళ్ళిళ్ళు కూడా అవ్వవు," అనేది. ఐటీ ఉద్యోగాలు ఊపందుకుని ట్రైన్ల నిండా తెలుగు కుర్రాళ్ళు కనిపించే రోజులొచ్చాక ఆమెకు రోజూ పండగే. ఒకసారి ఇద్దరు ఆమె ముందు నిలబడి, "ఈ తెల్ల మామ్మ దిగితే సీటు మనదేరా," అనుకున్నారు. "నేను చివరి స్టేషన్ దాకా దిగనర్రా. కాళ్ళు నొప్పెడితే చెప్పండి, సర్దుకుంటాను," అంది అమ్మ. ఆ ఆదివారం వాళ్ళిద్దరూ మా ఇంట్లో భోంచేశారు.

అలాంటి మనిషికి ఒకే ఒక్క వెలితి. నాన్న తరఫువాళ్ళు ఈ పెళ్ళిని ఒప్పుకోలేదు. పోట్లాడలేదు, శాపనార్థాలు పెట్టలేదు, జరగనట్టే ఊరుకున్నారు. కాకినాడ నుంచి ఉత్తరాలు మాత్రం వచ్చేవి. మొదట తాతయ్య రాసేవాడు, ఆయన తర్వాత నాన్న చెల్లెలు, అంటే మా అత్తయ్య. నాన్న క్షేమం అడిగేవారు, నాకు ఆశీస్సులు పంపేవారు. అమ్మ ఊసే ఉండేది కాదు. నాన్న చదువుతుంటే అమ్మ భుజం మీదుగా తొంగిచూసి, "ఈసారైనా ఉన్నానా?" అనేది. నాన్న తల అడ్డంగా ఊపేవాడు. "పోన్లే, వచ్చే ఉత్తరంలో ఉంటాను," అనేది. నలభై ఏళ్ళు అదే మాట. నాకు ఒళ్ళు మండేది. వాళ్ళకు జవాబు రాయొద్దని నాన్నతో ఎన్నిసార్లు గొడవపడ్డానో!

నాన్న పోయినప్పుడు కూడా అత్తయ్య ఉత్తరం నా పేరనే వచ్చింది. తండ్రి లేని పిల్లవయ్యావు, ధైర్యంగా ఉండమని రాసింది. అమ్మకు ఒక్క మాట లేదు. దహనానికి వచ్చినవాళ్ళకు అమ్మే టీలు అందించింది, అమ్మే ఓదార్చింది. ఆమె కంట తడి నేను చూడలేదు. నర్సు కదా, చావులు అలవాటే అనుకున్నారు అందరూ. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, నేనూ అలాగే అనుకున్నాను.

రెండేళ్ళకు అత్తయ్య సింగపూర్ వచ్చింది. ఆవిడ కొడుక్కి ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కొడుకూ కోడలూ ఆఫీసులకు పోతే పగలంతా గోడలు చూస్తూ కూర్చోలేక, మా ఇంట్లో ఒక వారం ఉండడానికి వచ్చింది. ఆవిడ భర్త పోయి అప్పటికి ఐదేళ్ళు. అమ్మ తన మంచం ఆవిడకిచ్చి తను చాప మీద పడుకుంది. అత్తయ్య మర్యాదగానే ఉండేది, కానీ అమ్మను ఏ వరసా పెట్టి పిలిచేది కాదు. "ఇదిగో", "చూడండి" అనడమే.

ఆ వారంలోనే నేను కొత్త ఉద్యోగంలో చేరాలి. జురాంగ్ ఐలాండ్‌లో పదిహేనేళ్ళు చేసిన కెమికల్ ప్లాంటు ఉద్యోగం వదిలేసి, సాయంత్రం క్లాసుల్లో ప్రోగ్రామింగ్ నేర్చుకుని, టెక్ ఆఫీసులుండే వన్-నార్త్‌లో ఒక కంపెనీలో చోటు సంపాదించాను. ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో ఇదేం పిచ్చి అన్నవాళ్ళకు కొదవ లేదు. నాకు మాత్రం భయం లేదు. తొమ్మిదికల్లా అక్కడుండాలి, అంతే.

పొద్దున నేను చెప్పులు వేసుకుంటుంటే, ఎప్పటిలాగే టిఫిన్ డబ్బా పట్టుకుని అమ్మ లిఫ్ట్ వైపు బయల్దేరింది. అత్తయ్య ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"శుభమా అని పిల్ల బయల్దేరుతుంటే మనం ఎదురు రాకూడదు వదినా. మొగుడు పోయినవాళ్ళం. రా, వంటింట్లో కూర్చుందాం."

శకునానికి ఏర్పాటు కూడా చేసేసింది. పక్క ఫ్లాటు చైనీస్ ఆంటీని సైగలతో బతిమాలి కారిడార్‌లో నిలబెట్టింది. బొట్టు లేకపోతేనేం, మొగుడున్నాడుగా! ఆవిడ కూరల ట్రాలీ పట్టుకుని, ఇంకా ఎంతసేపు లా, మార్కెట్లో చేపలు అయిపోతాయి లా అని, మాటమాటకీ 'లా' తగిలించే సింగపూర్ ఇంగ్లీషులో సణుగుతోంది.

నాకు కోపం నషాళానికంటింది. బ్యాగు కింద పడేసి వంటింట్లోకి వెళ్ళాను.

"మా అమ్మకి మీ ఇంట్లో చోటు లేదు గానీ, మీ అరిష్టంలో మాత్రం వాటా ఉందా అత్తయ్యా?" అని అరిచాను.

అత్తయ్య తెల్లబోయింది. అమ్మ నా వైపు చూడనైనా చూడలేదు. ముక్కాలిపీట మీద కూర్చుని ఆవిడ ముఖమే చూస్తోంది.

"అరవకు అమ్మడూ," అంది. "మా ఊళ్ళో కొత్త సంవత్సరం నాడు ఎర్రజుట్టు ఆడది ముందు గడప తొక్కితే ఇంటికి మంచిది కాదంటారు. నల్లజుట్టు మగాడెవడైనా అడుగుపెట్టేదాకా మా అమ్మ నన్ను చలిలో బయటే నిలబెట్టేది. ఇంటి పిల్లని కాబట్టి నిలబెట్టింది. ఊళ్ళోవాళ్ళని నిలబెడుతుందా? ఈవిడ ఇప్పుడు నన్నేమంది? మొగుడు పోయినదాన్నంది. అంటే ఆయన నా మొగుడేగా. నలభై ఏళ్ళకి అంది ఆ మాట."

చెబుతూ చెబుతూనే అమ్మ నవ్వబోయింది, చేతకాక భోరుమంది. మా అమ్మ ఏడుపు వినడం నాకదే మొదలు. అత్తయ్య పక్కనే చతికిలబడి ఆమె తలను గుండెకు అదుముకుంది. "అన్నయ్య వెళ్ళిపోయాడు వదినా," అని తానూ అందుకుంది. చిన్నప్పుడు ఆయన గోడ దూకి జామకాయలు తెచ్చిపెట్టేవాడని, ఈత రాకుండానే కాలవలోకి దిగాడని చెప్పి చెప్పి ఏడ్చింది. అమ్మ తనకు తెలిసినవి చెప్పి ఏడ్చింది. నా కోపం ఎటు పోయిందో తెలియదు. నేనూ వాళ్ళ మధ్య కూలబడ్డాను.

చైనీస్ ఆంటీ పిలిచి పిలిచి మార్కెట్‌కి వెళ్ళిపోయింది. చివరికి నేను బయల్దేరితే ఇద్దరూ ముక్కులు తుడుచుకుంటూ లిఫ్ట్ దాకా వచ్చారు. శకునం సంగతి ఎవరికీ గుర్తు లేదు.

మొదటి రోజే గంట ఆలస్యం. మేనేజరు కారణం అడిగాడు. మా నాన్న పోయారని చెప్పాను. అయ్యో, ఎప్పుడని అడిగాడు.

రెండేళ్ళయిందని చెప్పాను.