ఆకుపచ్చ గాజుల గోడ

మొన్న మా మనవరాలు గుంటూరులో తను కొన్న ఫ్లాటు చూపిస్తానని తీసుకెళ్ళింది. లిఫ్టు పక్క గోడ నిండా పింగాణీ పలకలు. వాటి మీద పువ్వు లేదు, పిట్ట లేదు. నలుపూ ఎరుపూ ఎటు పడితే అటు పారాయి, అక్కడక్కడ కాస్త ఆకుపచ్చ. "దీన్ని అబ్‌స్ట్రాక్ట్ అంటారు అమ్మమ్మా" అని పాఠం మొదలెట్టింది పిల్ల. నేనప్పటికే పలకల సందుల్లో సున్నం ఉందేమోనని గోటితో గీకి చూస్తున్నాను. లిఫ్టు వచ్చి వెళ్ళిపోయింది.

అలాంటి గోడ అరవై ఏళ్ళ కింద పొన్నూరు దగ్గర మా అత్తగారింట్లో ఉండేది. మా మావగారి తమ్ముడి చేతిపని. ఆయన చాలాకాలం తాడేపల్లి వైపు పెంకుల ఫ్యాక్టరీలో బట్టీ దగ్గర పనిచేశారు. పిల్లలు లేరు. భార్య పోయాక పని మానేసి వచ్చి, దొడ్లో నడుమెత్తు బట్టీ కట్టుకుని మట్టి పలకలు కాల్చడం మొదలెట్టారు. పత్తికట్టెతో కాల్చి, బట్టీ ఎర్రగా ఉండగానే మిరప తొడిమలు గుమ్మరించి మూతి మూసేసేవారు. ఆ పొగకి పలక మీద నల్లచారలు తేలతాయట. చారల సంగతేమో గానీ బజారు బజారంతా దగ్గేది. "ఒరేయ్, మిరపకాయ తింటాం గానీ పీలుస్తామంట్రా!" అని ఎదురింటాయన కళ్ళు తుడుచుకుంటూ అరిచేవాడు. "పెంకులు ఇంటి మీద కప్పుతారు గానీ గోడకి అంటిస్తార్రా?" అనేవారు మా మావగారు. చినమావగారు నవ్వి ఊరుకునేవారు. సగం పలకలు పగిలిపోయేవి. మిగిలినవి తన గది గోడకి అతికించుకుని, మధ్యాహ్నం గుమ్మంలోంచి ఎండ పడే వేళకి ఎదురుగా పీట వేసుకుని ఒక్కరే కూర్చునేవారు. అన్నానికి పిలిస్తే రెండో పిలుపుకి గానీ పలికేవారు కాదు.

ఆ పలకల మీద అక్కడక్కడ ఉన్న ఆకుపచ్చ పూసిన రంగు కాదు. మా చినఅత్తగారి పెట్టెలో మిగిలిపోయిన గాజులవి. నూరి పలక మీద చల్లితే మంటకి కరిగి చిన్న మడుగులా నిలిచేవి. పెట్టె ఖాళీ అయింది. ఇక అలాంటి పలక మరొకటి పుట్టదు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఆవిడ పోయాక కాపురానికొచ్చిన కొత్తకోడల్ని, నాకు మాత్రం చెప్పాలని ఎవరికీ తోచలేదు.

మనిషి పోయిన ఇంట్లో ఏడాదిపాటు గోడలకి సున్నం వెయ్యరు. చినఅత్తగారి సంవత్సరీకం అయిన మర్నాడు మా అత్తగారు సున్నం కుండ చూపించి "ఇల్లంతా వేయించమ్మా" అన్నారు. చినమావగారు ఏదో పని మీద తాడేపల్లి వెళ్ళారు. నాకేమో మంచి కోడలనిపించుకోవాలన్న ఆత్రం. ఆయన గదిలో గోడ చూసి, పాపం, పట్టించుకునే ఆడదిక్కు లేక బట్టీ పొగకి ఇలా మసిబారిందనుకున్నాను. కూలిమనిషికి కూడా వదల్లేదు. సున్నంలో కాస్త నీలిమందు కలిపి, స్వయంగా రెండు పూతలు పూశాను.

ఆయన వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. చేతిసంచి కింద పెట్టలేదు.

"ఎవరు వేశారమ్మా?"

"నేనేనండీ మావయ్యగారూ. శుభ్రంగా ఉంటుందని..."

"బాగుందమ్మా" అన్నారు.

వంటింట్లో మా అత్తగారు తల పట్టుకుని అసలు సంగతి చెప్పారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తర్వాత ఎన్నాళ్ళో ఆయన తలుపు దగ్గరగా వేసుకుని తడిగుడ్డతో గోడ తుడుస్తూనే ఉన్నారు. గాజు కరిగినచోట సున్నం పెచ్చులుగా ఊడొచ్చింది. గరుకు మట్టిలోకి ఇంకింది మాత్రం రాలేదు. నలుపూ ఎరుపూ బూడిదరంగుకి తిరిగిపోయాయి. ఒకరోజు ఉండబట్టలేక వెళ్ళి, నా చేతులకున్న ఆకుపచ్చ గాజులు తియ్యబోయాను.

"ఇవి కరిగించండి మావయ్యగారూ."

ఆయన కంగారుగా లేచారు. "తప్పమ్మా, తప్పు! ముత్తైదువవి, చేతులు బోసిగా పెట్టకూడదు. అయినా ఎవరి గాజులు వాళ్ళవే కదమ్మా" అన్నారు. బట్టీ మళ్ళీ వెలిగించలేదు.

మా ఆయన పోయి ఆరేళ్ళయింది. పెట్టెలో నా గాజులు అలాగే ఉన్నాయి. వాటినేం చెయ్యాలో తెలిసిన మనిషి లేరు. లిఫ్టు దగ్గర మనవరాలు నన్ను రెండుసార్లు పిలవాల్సి వచ్చిందట. చినమావగారు మొదటి పిలుపుకి ఎందుకు పలికేవారు కాదో తెలియడానికి నాకు అరవై ఏళ్ళు పట్టింది.