సత్యవేదం మాస్టారి దొరతనం

గుడివాడకి నాలుగైదు మైళ్ళ అవతల ఒక ఊళ్ళో మిషన్ బడి పంతులు సత్యవేదం. తండ్రి ఒక రైతు కమతంలో పాలేరు. కొడుకు బందరు బోర్డింగులో చదువుకుని మళ్ళీ ఊరి బయట తమవాళ్ళ పేటలోనే పంతులై వచ్చాడు. మనిషి పల్చన, మాట మెత్తన. ఊరి పెద్దల మీద లోపల ఎంత చులకన ఉన్నా, భార్య జ్ఞానమ్మ దగ్గర తప్ప పైకి అనేవాడు కాదు.

1960లో కొత్త పంచాయతీ భవనం కట్టారు. ప్రారంభానికి డిప్యూటీ కలెక్టరుగారు వస్తున్నారు. ప్రెసిడెంటు పూర్ణచంద్రరావుకి ఒక ఆలోచన పుట్టింది. వందేళ్ళ కిందట ఊరికి కాలవ నీళ్ళొచ్చిన ఏడాదిని నాటకంగా ఆడించాలి. ఇంగ్లీషు దొర మకాం, శిస్తులు తేల్చే జమాబందీ, రైతుల అర్జీలు, చివరికి తూము తలుపు ఎత్తి నీళ్ళు వదలడం, అన్నీ ఉండాలి. అన్నిట్లోనూ తన ముత్తాత ఉండాలి. ఆ వేషం తనే కట్టాలి.

దొర వేషానికి ఇంగ్లీషు గడగడా మాట్లాడేవాడు కావాలి. ఊరంతా గాలిస్తే సత్యవేదం ఒక్కడే తేలాడు.

రిహార్సళ్ళు ప్రెసిడెంటుగారి చావిట్లో. సత్యవేదం మాత్రం అరుగు కింద నిలబడి దొర మాటలు చెప్పాలి. లోపల దొర స్థానంలో ఒక ఖాళీ కుర్చీ వేశారు. పూర్ణచంద్రరావు రోజూ ఆ కుర్చీకి వంగి సలాం చేసేవాడు.

"ఏవయ్యా సత్యవేదం, ఆ రోజు కూడా నువ్వు నిలబడే మాట్లాడకూడదూ?" అన్నాడు ఒకనాడు.

"మీ ముత్తాతగారు బంట్రోతుకి సలాం చేసినట్టుంటుందేమోనండీ" అన్నాడు సత్యవేదం.

పూర్ణచంద్రరావు మొహం ముడుచుకున్నాడు.

ఇంటికొచ్చి జ్ఞానమ్మతో చెప్పాడు. "చెక్క కుర్చీకి దణ్ణం పెడతాడు గానీ అందులో కూచునే మనిషికి పెట్టలేడు."

"మనకెందుకండీ ఈ గొడవ, మానేస్తానని చెప్పండి."

"మానను. ఎంత వంగుతాడో చూడాలి."

నాటకం రోజున పెట్రోమాక్స్ లైట్లు పెట్టారు. ముందు వరసలో పెద్దలకి కుర్చీలు, వాళ్ళ వెనక చాపల మీద ఊరు, ఆ వెనక కంచె దాటి పేటవాళ్ళు నిలబడి ఉన్నారు. కోటూ టోపీతో సత్యవేదం కుర్చీలో కూర్చున్నాడు. పూర్ణచంద్రరావు మెడనిండా చిలకలపూడి గిల్టు గొలుసులు వేసుకొచ్చి, డిప్యూటీ కలెక్టరు చూస్తున్నాడు కాబట్టి, నడుం దాకా వంగాడు.

"ఈ కాలవ నీ చలవే" అని దొర అనాలి. ఆ మాట సత్యవేదానికి నోటి దాకా వచ్చి ఆగిపోయింది. కాలవ తవ్వేటప్పుడు గట్టు విరిగిపడి అతని ముత్తాత అందులోనే పోయాడని నాయనమ్మ చెప్పేది. మట్టి తట్టలు మోసినవాళ్ళ ఊసు నాటకంలో ఒక్క ముక్క లేదు.

"కాలవ తవ్వినవాళ్ళెక్కడ?" అని అడిగాడు.

పూర్ణచంద్రరావు తెల్లబోయాడు. తెర వెనక మాటలందించేవాడు కాగితాలు తిరగేస్తున్నాడు. డిప్యూటీ కలెక్టరు ఇదీ నాటకంలోదే అనుకుని ముందుకి వంగాడు.

"వెనకాల ఉన్నారు దొరా" అన్నాడు పూర్ణచంద్రరావు, వేరే దారిలేక.

"ముందుకి పిలువు."

పిలిచాడు. "రండర్రా, దొరగారు పిలుస్తున్నారు" అన్నాడు. కాసేపు ఎవరూ కదల్లేదు. ముందుగా నాట్లకెళ్ళే ముసలి పున్నమ్మ కంచె దాటింది. వచ్చి కుర్చీల ముందు నేల మీద చతికిలబడింది. ఆమె వెనకే పేటంతా వచ్చింది. డిప్యూటీ కలెక్టరు చప్పట్లు కొట్టాడు. ఆయన కొట్టాడని పెద్దలూ కొట్టారు.

"ఆ ఘట్టం బాగుందండీ. ఎవరి ఆలోచన?" అని అడిగాడాయన తరవాత.

"చిత్తం, నాదేనండి" అన్నాడు పూర్ణచంద్రరావు.

మర్నాడు పొద్దున్నే సత్యవేదం కూర్చున్న కుర్చీని పసుపు నీళ్ళతో కడిగించాడు. అది గుడివాడ నుంచి అద్దెకి తెచ్చిన కుర్చీ. అంతకు ముందు అందులో ఏ ఊళ్ళో ఎవరు కూర్చున్నారో ఆయనకేం తెలుసు. ఈ సంగతి విని, జ్ఞానమ్మ కంగారు పడేంతసేపు నవ్వాడు సత్యవేదం.

తన ఆలోచనే అని ఒకసారి ఒప్పుకున్నాక పూర్ణచంద్రరావుకి వెనక్కి తీసుకునే వీలు లేకపోయింది. తరవాత ఏ మీటింగు పెట్టినా పేటవాళ్ళు పెందలాడే వచ్చి కుర్చీల ముందే కూర్చునేవాళ్ళు. లేవమనే ధైర్యం ఎవరికీ రాలేదు. చివరికి ఆయన పెద్దల కుర్చీలు వేదిక మీదికి ఎక్కించుకున్నాడు. సత్యవేదంతో మాత్రం మళ్ళీ మాట్లాడలేదు. రిటైరయ్యేదాకా ఆ బళ్ళోనే పాఠాలు చెప్పుకున్న సత్యవేదానికి అదొక లోటుగా ఎప్పుడూ తోచలేదు.