తిట్టడానికి మనిషి లేని సర్వర్

మా కాలేజీ ఆఫీసు కామారెడ్డిలో, బ్రాంచి ఎల్లారెడ్డిలో. పిల్లల మార్కులు, హాజరు, సర్టిఫికెట్లు దాచే సర్వర్ ఒక్కోచోట ఒక్కోటి. కామారెడ్డి దాంట్లో ఉన్నది లైసెన్సు కట్టి కొన్న కంపెనీ ఆపరేటింగ్ సిస్టం. ఎల్లారెడ్డి దాంట్లో, కంప్యూటర్లు చూసుకునే నేను ఎక్కించిన లైనక్స్. దాన్ని ఎవరైనా ఉచితంగా తెచ్చుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూసుకోవచ్చు. రెండుచోట్లా ఒకటే ఉండాలని మా కరెస్పాండెంట్‌గారు తీర్మానించారు. కంపెనీది నెగ్గితే, మూడేళ్లు జుట్టు రాలగొట్టుకుని నేను చేసిన ఏర్పాటంతా విప్పి మళ్లీ మొదటినుంచి కట్టాలి. మిగిలిన జుట్టు అందుకు సరిపోదు.

పరీక్షించడానికి ఆయన ఎల్లారెడ్డి వచ్చారు. ఏ వస్తువు కొనాలన్నా ఆయనకొక పద్ధతి ఉంది. అమ్మేవాడికి ఫోన్ చేసి ముందే తిట్టి చూస్తారు. ఓపిగ్గా విన్నవాడి దగ్గరే బోరు మోటారు, బెంచీలు, బస్సు కొన్నారు. బస్సు టైర్లవాడిని తిట్టిన రోజు పోచారం చెరువు నీళ్లమీది కొంగలు లేచి మెదక్ వైపు వలసపోయాయని అందరూ అంటారు. అందరూ అంటే నేనే.

సర్వర్ తెరమీద నల్లటి నలుపు, మూలన నాలుగు తెల్లక్షరాలు.

“ఇదేందయ్యా, బొమ్మ లేదు ఏం లేదు. సచ్చిందా?”

“నడుస్తుంది సార్. రెండేండ్లాయె ఆగక.”

“ఎవరు చేసిన్రు దీన్ని?”

“ఒక్కలు కాదు సార్. దేశదేశాలోళ్లు కలిసి చేసిన్రు, వేలమంది.”

“మంచిది. అండ్ల ఒక్కని నంబరియ్యి.”

“గట్ల ఉండదు సార్.”

“మరి రేపు ఆగితే ఎవర్ని తిట్టాలె? కంపెనీ దానికైతే హైదరాబాద్‌ల మనిషున్నడు. ఎంత తిట్టినా సార్ సార్ అంటడు. రెండుదిక్కుల అదే పెట్టు.”

సర్టిఫికెట్లు ఇవ్వడం అయ్యాక మారుస్తానని గడువు అడిగాను.

సర్టిఫికెట్లు ఇచ్చే వారం వచ్చింది. సరిగ్గా ఆఫీసు తలుపు తీసే వేళకు కామారెడ్డి సర్వర్ అప్‌డేట్ పేరుతో తనను తాను బాగుచేసుకోవడం మొదలుపెట్టింది. తెరమీద చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. హాల్లో పిట్లం నుంచీ డోంగ్లి నుంచీ వచ్చిన తల్లిదండ్రులు. కరెస్పాండెంట్‌గారు హైదరాబాద్ మనిషికి ఫోన్ కలిపి గంటసేపు తిట్టారు. గోడమీది క్యాలెండర్ రెపరెపలాడింది.

“చూసినవా, ఒక్క మాట ఎదురు చెప్పలే” అని మురిసిపోయారు. చుక్కలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి.

డోంగ్లి నుంచి వచ్చిన పెద్దాయన లేచాడు. “సారూ, మీ తిట్టుడు అయినంక నా బిడ్డ కాయితం ఇస్తరా? నాకు మల్ల బస్సులు మారేదుంది.”

రోజూ సాయంత్రం కామారెడ్డి రికార్డులన్నిటి నకలు ఒకటి ఎల్లారెడ్డి సర్వర్‌కు చేరేలా నేను ఎప్పుడో ఏర్పాటు చేసి పెట్టాను. కామారెడ్డిలోనే కూర్చుని ఆ నకలు నుంచి సర్టిఫికెట్లు తీశాను. ప్రింటర్ మీద దోశ పోయొచ్చు, అంత వేడెక్కింది. భోజనాల వేళకు హాలు ఖాళీ. చుక్కలింకా ప్రదక్షిణలోనే ఉన్నాయి.

కరెస్పాండెంట్‌గారు ఫోన్ జేబులో పెట్టుకుని నా దగ్గరికొచ్చారు.

“సరే, రెండుదిక్కుల నీదే ఉండనియ్యి. గని తిట్టనీకె మనిషి కావాలె.”

రెండు సర్వర్ల మీదా నా ఫోన్ నంబరు స్వయంగా అంటించారు, గుమ్మడికాయంత అంకెలతో.

అప్పటినుంచి రెండూ ఒక్కసారి కూడా ఆగలేదు. ప్రతి ఉదయం ఎనిమిదింటికి ఫోన్ మోగుతుంది.

“నడుస్తుందా?”

“నడుస్తుంది సార్.”

అవతల నిరాశతో ఒక నిట్టూర్పు. తరువాత గొంతు సవరించుకుంటారు.

“మరి గా ముచ్చట ముందుగాల నువ్వే ఫోన్ చేసి చెప్పొద్దా?”

అక్కడినుంచి మొదలు. నేను ఫోన్‌ను మూరెడు దూరాన బల్లమీద పెట్టి, సార్ సార్ అంటూ ఇడ్లీ తింటాను.