దావత్‌లో పరిచిన ఫ్లెక్సీ

మా బొగ్గుగని కాలనీలో ఏ మంచి కబురొచ్చినా దావత్ ఉండాల్సిందే. ప్రమోషన్‌కు దావతే, రిటైర్మెంట్‌కూ దావతే. కుర్రవాళ్లను తాగుడు, గంజాయి నుంచి కాపాడాలని మేం పెట్టుకున్న కమిటీకి గ్రాంటు మంజూరైందని తెలియగానే మాలో ఒకతను అన్నాడు: "అన్నా, దావత్ లేకుంటె ఎట్ల?" నవ్వి సరేనన్నది నేనే, కమిటీ అధ్యక్షుణ్ణి. గ్రాంటు ముట్టుకోకుండా సొంత జేబుల్లోంచి పెట్టుకున్నామని గొప్పలు కూడా పోయాం.

ఆదివారం కమ్యూనిటీ హాలు వెనక మటన్ ఉడికింది, సీసాలు వచ్చాయి. కూర్చోవడానికి ఏమీ లేకపోతే, మర్నాటి సభకు చేయించిన ఫ్లెక్సీనే తిరగేసి పరిచాం. మత్తుకు దూరంగా ఉండమన్న అక్షరాల మీద కూర్చునే తాగాం. ఎవరిదో గ్లాసు ఒలికింది. తుడవాలన్న బుద్ధి కూడా లేకుండా మడిచి మూలన పడేశాం.

పొద్దున దాన్ని కట్టడానికి పక్కింటి వదిన కొడుకు వచ్చాడు. తాగుడు మాన్పించే దవాఖాన నుంచి ఈమధ్యే తిరిగొచ్చాడు. సభలో తన కథ తానే చెబుతానన్నాడు. మడత విప్పగానే ఆగిపోయాడు. ఫ్లెక్సీని నా చేతుల్లో పెట్టి వెనక్కి జరిగాడు.

"కాకా, నువ్వే కట్టు. గీ వాసనకాడ నన్ను ఉండొద్దన్నరు."

ఎత్తిపొడిచినా బాగుండేది. పిల్లవాడు నిజంగానే భయపడ్డాడు.

సభ అయ్యేదాకా రోడ్డవతలే నిలబడ్డాడు. ఆ ఫ్లెక్సీ కింద, మైకులో నేనే మాట్లాడాను.