బస్సు మీద వడియాలు

మొన్న మధ్యాహ్నం టీవీలో వస్తున్న పాత సినిమా చివర్లో బస్సొకటి భగ్గున మండేసరికి, పక్కనున్న మా మనవరాలు ‘అయ్యో, మన బస్సు!’ అని కెవ్వుమంది. మండుతున్నది ఉత్త ప్లైవుడ్డని తెలిసిన నాకు మాత్రం ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే మా అత్తగారు గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

మావారు సినిమాలకు పాతకాలపు సామాన్లు అద్దెకిచ్చేవారు. ఎనభైల్లో, ఫిలింనగర్‌లో ఇళ్లకన్నా బండరాళ్లే ఎక్కువున్న రోజుల్లో, పాత ఇనుము కొట్లో ముక్కలు కావడానికి సిద్ధంగా ఉన్న ముక్కు బస్సును చూసి మనసు పారేసుకుని, లారీకి కట్టి ఇంటికి లాక్కొచ్చారు. మీకూ గుర్తుండే ఉంటాయి, ఇంజను ముందుకు పొడుచుకొచ్చిన ఆ బస్సులు. హారతి, చక్రాల కింద నిమ్మకాయలు, కాపురానికొచ్చిన నాడు నాకైనా అంత మర్యాద జరగలేదు! అత్తగారు మాత్రం ‘ఇంటి ముందు ఈ ఇనప దెయ్యమేమిట్రా’ అని ఆ రోజు మొదలుపెట్టిన సాధింపు ఆఖరిదాకా మానలేదు. బోరబండ నుంచి వచ్చే మెకానిక్ నెలల తరబడి దాని కింద దూరి మరమ్మతు చేసి, ఒకనాడు తల బయటపెట్టి, “ఏం ఫికర్ చెయ్యకమ్మా, గిది మనకంటె ఎక్కువ దినాలు బతుకుతది” అన్నాడు. ఇంటిల్లిపాదీ వాలులో తోస్తే నిజంగానే దగ్గి దగ్గి కదిలింది. ఆ తరువాత అది ఎన్ని సినిమాల్లో ఎన్ని ఊళ్ల బోర్డులు తగిలించుకుందో! షూటింగు నుంచి రాగానే మావారు చంటిపిల్లకు మల్లే దాని ఒళ్లంతా తుడిచేవారు.

తొంభైల్లో, మాకు తిండి పెట్టిన నిర్మాతే తన సినిమా చివర ఆ బస్సును కాల్చేస్తానన్నారు. కాదంటే ఆ గడప మళ్లీ తొక్కలేం. మొహమాటానికి తలూపి వచ్చిన మావారు కంచంలో మెతుకులు కెలుకుతూ కూర్చుండిపోయారు. అత్తగారు లేచి వెళ్లి మినప్పప్పు నానబోశారు.

మర్నాడు నిర్మాత మనుషులు వచ్చేసరికి బస్సు నెత్తిన తడిపంచె నిండా గుమ్మడి వడియాలు, డ్రైవరు సీట్లో విసనకర్రతో అత్తగారు. నిచ్చెన ఎక్కి వడియాలు పెట్టింది నేనే లెండి. అవి ఎండేదాకా బండి కదలడానికి వీల్లేదన్నారావిడ. పెద్దావిడ ఉసురు తగిలితే సినిమా ఆడదని సినిమావాళ్లకు హడలు, రేపొస్తామని వెళ్లిపోయారు. వాళ్లు ఏ రేపు వచ్చినా పైన పచ్చి వడియాలే. చివరికి నిర్మాతే నవ్వేసి, ప్లైవుడ్డు బస్సు చేయించుకుని కాల్చుకున్నారు. పైగా అత్తగారికి దండం పెట్టి, డబ్బాడు వడియాలు అడిగి పట్టుకెళ్లారు.

ఇప్పుడు అత్తగారు లేరు, మావారూ లేరు. మెకానిక్ అన్న మాటే నిజమై బస్సు మాత్రం అక్కడే ఉంది, తుడవడం నా వంతయింది. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచి దాని నెత్తిన ఎండ పొడ పడటమే మానేసింది. ఇప్పుడు దాని మీద వడియాలు పెడితే ఎన్నాళ్లకూ ఎండవు. ఆ సంగతి తెలిస్తే మా అత్తగారు ఎంత సంబరపడేవారో!